డోర్నకల్ బిషప్ అజరయ్య: సహనానికి గీచిన హద్దు

ఖమ్మం జిల్లాలో పుట్టి పెరిగినవారికి పరమత సహనాన్ని గురించి కొత్తగా బోధించవలసిన పని లేదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న భద్రాచలంలో ఆలయం కట్టించటం, సర్కారు సొమ్ము వాడినందుకు గోల్కొండలో చెరసాల పాలు కావటం, తానీషా చివరకు అతనిని విడిపించటం, శ్రీరామనవమి నాటి కల్యాణానికి ప్రభుత్వ పక్షాన ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం నిలిచిపోవటం, ఇవన్నీ మన పిల్లలు ఊయలలో వినే కథలు. వీటిలో చరిత్ర ఎంత, భక్తుల కల్పన ఎంత అన్న విచారణకు మేము ఇక్కడ పూనుకోవటం లేదు. మేము గమనించమని కోరేది ఒక్కటే. ఆ కథలో ఎవరూ ఎవరినీ తమ మతం విడిచి రమ్మని పిలవరు. ముత్యాలు పంపిన పాదుషా ముసల్మానుగానే ఉన్నాడు, అందుకున్న దాసు రామభక్తుడుగానే ఉన్నాడు. ఇట్టి సహనం అందమైనది. కాని అది సులభమైనది కూడ.

నీ త్రోవ తప్పు, నా త్రోవకు రమ్మని చెప్పే మనిషి మన ఊరికి వచ్చినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. అతని యెడల మన సహనం ఎంతవరకు? మన యెడల అతని సహనం ఎంతవరకు? ఈ ప్రశ్నను తన జీవితంతో మన ప్రాంతంలో లేవనెత్తిన మహనీయుడు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఖమ్మం నుండి కాజీపేట వైపు రైలులో పోయేవారికి మహబూబాబాదుకు ముందే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం బొగ్గు వచ్చి ముఖ్య మార్గాన్ని కలుసుకునేది అక్కడే. నిత్యం ఆ స్టేషను మీదుగా ప్రయాణం చేసే మన విద్యార్థులలో చాలామందికి ఆయన పేరు తెలియదు. అందుకే ఈ వ్యాసం.

రెండు భాషల కళాశాలలో పనిచేసే మాకు ముందుగా మాటల మీదికే దృష్టి పోతుంది. సహనం అంటే ఓర్చుకోవటం. నొప్పి ఉన్నచోటనే ఓర్పుకు పని. ఉర్దూలో దీనికి రవాదారీ అంటారు. రవా అంటే చెల్లేది, సమ్మతించదగినది. కనుక తెలుగు మాటలో బాధ ధ్వనిస్తుంది, ఉర్దూ మాటలో అనుమతి ధ్వనిస్తుంది. అజరయ్యగారి చరిత్ర చదువుతున్నంతసేపు ఈ రెండు అర్థాలు మా మనసులో పెనగులాడుతూనే ఉన్నవి.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి గ్రామ క్రైస్తవ గురువు. వారిది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీయటం ఆ కులంలో అనేకుల జీవనోపాధి. గుడిలోనికి పోయే హక్కు లేక, అగ్రవర్ణాల వీథులలో నడిచే స్వేచ్ఛ లేక ఆ జనం పడిన పాట్లు దక్షిణదేశ చరిత్రలో అందరికీ తెలిసినవే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివిన అజరయ్యగారు పట్టా పుచ్చుకోకుండానే బయటికి వచ్చి, 1895లో వై.ఎం.సి.ఏ. సంస్థలో కార్యదర్శిగా చేరారు. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విదుషీమణిని వివాహమాడారు. దక్షిణాదిని కళాశాల మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తరువాతి కాలంలో భర్తతో పాటు పల్లెలు తిరిగి స్త్రీల నడుమ ఆమె చేసిన సేవ వేరొక వ్యాసానికి సరిపోతుంది.

1902లో ఆయన సింహళంలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో దూరప్రాంతాలలో మత ప్రచారం నడపటం చూసి సిగ్గుపడ్డారట. తిరునెల్వేలిలో అంతమంది క్రైస్తవులుండి ఇంకా విలాయతు చందాల మీద ఆధారపడటం ఆయనకు నచ్చలేదు. మరుసటి ఏడు, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని పనికి ఎన్నుకున్న క్షేత్రం నిజాం రాజ్యపు ఆగ్నేయ మూలన ఉన్న డోర్నకల్ ప్రాంతం. 1905లో సిరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోను ఆయన ముఖ్యులు. పరులను పంపి తాను కార్యాలయంలో కూర్చోవటం ధర్మం కాదనిపించింది కాబోలు, 1909లో గురుపట్టం పొంది, ఉద్యోగం వదలి స్వయంగా డోర్నకల్ చేరారు. అప్పటికి వయస్సు ముప్పై అయిదు. తమిళం మాతృభాష అయిన ఆ మనిషి ఆ వయస్సులో తెలుగు నేర్చి, తెలుగులో బోధించి, తెలుగువారి నడుమనే కన్నుమూశారు.

1910 జూన్‌లో స్కాట్లండు దేశంలోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవారిలో అత్యధికులు తెల్లవారు, భారతీయులు వేళ్ళమీద లెక్కింపదగినవారు. ఆ సభలో అజరయ్యగారు లేచి, మిషనరీల త్యాగాలను కొనియాడుతూనే, వారు భారతీయులను సమానులుగా చూడటం లేదని, జీతమిచ్చి పని చేయించుకోవటమే గాని భోజనపు బల్ల దగ్గరకు పిలవటం లేదని, తమవారు కోరేది డబ్బు కాదు, మైత్రి అని ముఖం మీదనే చెప్పారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. నేడు అదే ప్రసంగాన్ని క్రైస్తవ చరిత్రకారులు ఆ మహాసభకే మకుటంగా ఎంచుతారు. పాలించే జాతి ఎదుట, వారి దేశంలో, వారి సొమ్ముతో నడిచే సభలో ఆ మాట అనగలగటం సామాన్యమైన ధైర్యం కాదు. జాతి గర్వం విషయంలో ఆయన ఓర్పు అక్కడితో ఆగిపోయిందని గుర్తించాలి.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దొర పట్టుదల వల్ల 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో అజరయ్యగారికి బిషప్ పట్టాభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. నల్లవాని కింద తెల్ల గురువులు పనిచేయటమా అని గొణిగినవారు లేకపోలేదు. స్వజనంలోనే అసూయ పడ్డవారూ ఉన్నారు. చిన్నదిగా మొదలైన డోర్నకల్ అధ్యక్ష మండలం 1920 తరువాత కృష్ణా ప్రాంతం మిషన్లను కూడ కలుపుకొని పెద్దదయింది. 1935 నాటికి సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండువేల పైచిలుకు గ్రామోపాధ్యాయులు ఆయన కింద పనిచేసేవారు. 1941 నాటికి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ ఎల్.ఎల్.డి. పట్టమిచ్చింది. బి.ఏ. పూర్తిచేయని వ్యక్తికి ఈ గౌరవం దక్కిందని మన విద్యార్థులు పరీక్షలు మానుకోరని ఆశిస్తాము.

ఈ రెండు లక్షల మంది ఎవరు? అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరికి వెలుపల వాడలలో నివసించి, వెట్టి చేసి, బావి దగ్గరకు రానీయబడని జనం. ఆయన వారికి నలుగురు శత్రువులను చూపించారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. కల్లు గీసే కులంలో పుట్టిన మనిషి తాగుడు మీద అంత యుద్ధం చేయటంలో ఆశ్చర్యం లేదు, దాని ఫలం ఆయన చిన్ననాటనే చూసి ఉంటారు. ఎడ్లబండిమీద పల్లె పల్లెకు పోయి, చెట్ల కింద సభలు జరిపి, సహకార సంఘాలు, వైద్యశాలలు, బడులు పెట్టించారు. దానం తెల్లవాడు చేసేది, పుచ్చుకొనేది మనం అన్న భావం పోవాలని, వంటకు బియ్యం తీసేటప్పుడల్లా ఒక పిడికెడు సంఘానికి వేరుగా పెట్టే అలవాటు ప్రోత్సహించారు. క్రైస్తవ దానాన్ని గురించి ఆయన రాసిన పుస్తకం ఇతర దేశాలలోను చదువబడింది.

ఇక ఆయన హద్దుల దగ్గరకు వస్తాము.

మొదటి హద్దు కులం. బాప్తిస్మం పొందినంత మాత్రాన మాల మాదిగల మధ్య పూర్వపు ఎడం పోలేదు. ఒకరితో ఒకరు పంక్తిభోజనానికి ఒప్పుకొనేవారు కారు, పిల్లనిచ్చి పుచ్చుకొనే మాట సరేసరి. దక్షిణాదిని కొన్ని పాత మిషన్లు ఈ విషయంలో చూసీ చూడనట్లు పోయినవి. అజరయ్యగారు అట్లా పోలేదు. ఒకే పాత్ర నుండి ప్రభు భోజనం పుచ్చుకోలేనివారు సంఘస్థులు కాజాలరన్నది ఆయన వైఖరి. ఇక్కడ సహనం చూపటం అంటే అన్యాయానికి ఆసనం వేయటమే అని ఆయన తలచారు, మేమూ అట్లాగే తలుస్తున్నాము. అయితే ఫలితం సంపూర్ణం కాలేదు. ఆయన తరువాత కూడ ఆ కులభేదాలు తెలుగు క్రైస్తవ సంఘాలలో మిగిలే ఉన్నవి. ముస్లిం సమాజంలో మాత్రం అష్రాఫ్, అజ్లాఫ్ అన్న మాటలు ఎవరు పుట్టించారని ఎవరైనా అడిగితే మేమూ తల దించుకోవలసిందే.

రెండవ హద్దు గ్రామ దేవతలు. ఇది చిక్కైన సంగతి. ఊరి కొలుపులో డప్పు మోగించటం మాదిగ కుటుంబాల విధి. చచ్చిన గొడ్డును లాగివేయటం వారి విధి. క్రైస్తవులైనవారు ఈ రెండూ మానుకొనవలె, ఆదివారం పనికి పోరాదు. ఒంగోలులో క్లో దొర కాలం నుండి తెలుగు మిషన్లలో ఇట్టి కట్టుబాట్లే ఉండేవి. గ్రామాధికారులకు కోపం వచ్చింది. పని మానిపించారు, కూలి ఆపారు, కొట్టారు. ఒక వైపు నుండి చూస్తే ఇది విముక్తి. వెట్టి డప్పును కింద పెట్టిన చెయ్యి స్వతంత్రమైన చెయ్యి. మరొక వైపు నుండి చూస్తే ఆ డప్పులో తాతముత్తాతల విద్య ఉన్నది, ఆ కొలుపులో వాడకు ఊరితో ఉన్న ఒకే ఒక్క గౌరవపు సంబంధం ఉన్నది. పోచమ్మను, ముత్యాలమ్మను కేవలం భయానికి, అజ్ఞానానికి పేర్లుగా లెక్కించిన బోధకులు ఆ రెండవ వైపు చూడలేదు. ఆయనా చూడలేదని మా అభిప్రాయం. తౌహీదును నమ్మే మేము ఈ మాట అనటం కొందరికి వింతగా తోచవచ్చు. దేవతను నమ్మకపోవటం వేరు, నమ్మినవాని హృదయంలో ఏమున్నదో విచారించకపోవటం వేరు.

అడవిలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో, నదిలో పడవల రాకపోకలకు ఆనకట్ట పని చేయించిన హేగ్ అను ఇంజనీరు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కోయవారి నడుమ క్రైస్తవ ప్రచారానికి అంకురార్పణ చేశాడు. తరువాత జాన్ కేయిన్ అను మిషనరీ చిరకాలం అక్కడ నివసించి, కోయల ఆచార వ్యవహారాలను శ్రద్ధగా రాసిపెట్టాడు. ఆ రాతలు నేటికీ పరిశోధకులకు ఆధారం. అయినా మాలమాదిగల వలె కోయలు గుంపులుగా క్రైస్తవంలోకి రాలేదు. మా ఊహ ఇది: మైదానపు వాడలో మతం మారినవాడు పోగొట్టుకున్నది ఎక్కువగా అవమానాన్నే. ఇప్పసారా, భూమి పండుగ, సమ్మక్క జాతర, అడవిమీద హక్కు అన్నీ ఒకే ముడిగా ఉన్న కోయవాడు మారితే సమస్తం పోగొట్టుకోవాలి. నీతి ఒక్కటే అయినా ఇద్దరు చెల్లించే వెల ఒక్కటి కాదు.

మూడవ హద్దు మహాత్మాగాంధీతో వచ్చింది. చాలా విషయాలలో ఈ ఇద్దరూ ఒకే బాటన నడిచినవారు. అస్పృశ్యత, మద్యపానం, పారిశుధ్యం, గ్రామసేవ, నిరాడంబరత, దేనిలోను భేదం లేదు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చినప్పుడు అజరయ్యగారు సంతోషించలేదు, వ్యతిరేకించారు. సంఘం ఓట్ల లెక్కలో మరొక కులం అయిపోతుందని, ఇక మీదట ప్రతి బాప్తిస్మాన్ని ఇరుగుపొరుగువారు తమకు తగ్గిన ఓటుగా చూస్తారని ఆయన భయం. ఆ భయం నిజమైంది. తన సమాజానికి దక్కిన లాభాన్ని వద్దన్న అల్పసంఖ్యాక నాయకులు చరిత్రలో తక్కువ. ఆ రోజులలో మా పెద్దలు ఈ విషయంలో వేరుగా ఆలోచించారు, దానికి వారి కారణాలు వారికున్నవి. ఆ వాదం ఇక్కడ తవ్వము.

1935 అక్టోబరులో యేవలాలో డాక్టర్ అంబేడ్కర్ తాను హిందువుగా మరణింపనని ప్రకటించారు. దేశమంతా కలకలం లేచింది. డోర్నకల్ మండలంలో అప్పటికే వేలకు వేలు బాప్తిస్మాలు జరుగుతున్నవి, శూద్ర కులాలవారు కూడ వస్తున్నారన్న వార్తలు వ్యాపించినవి. మాలమాదిగల నడవడి మారటం కన్నులారా చూసి వారు వస్తున్నారని బిషప్‌గారి వాదం. గాంధీజీ దానిని నమ్మలేదు. హరిజన్ పత్రికలో అట్టి ప్రకటనలను ఖండించారు. అన్ని మతాలూ సత్యమైనవే, అన్నీ అసంపూర్ణమైనవే, కనుక ఒకరు మరొకరిని మార్చబూనటం తగదన్నది ఆయన సిద్ధాంతం. 1936లో జాన్ మాట్‌తో జరిగిన సంభాషణలో ఆయన ఇంకొక అడుగు ముందుకు వేసి, హరిజనులకు మతాల తారతమ్యం విచారించే శక్తి లేదన్న ధోరణిలో మాట్లాడి, ఆ సందర్భంలో గోవును ఉపమానంగా తెచ్చారు. విమర్శ వచ్చినప్పుడు, గోవు తనకు పూజ్యమైనదని సమాధానమిచ్చారు.

మేము గాంధీజీని ఆరాధించే తరం చేతుల మీదుగా పెరిగినవారమే. అయినా ఇక్కడ మా మనస్సు బిషప్‌గారి వైపు మొగ్గుతుంది. మాదిగవానికి మతం విచారించే బుద్ధి లేదనే సహనం కంటె, అతడు విని, తూచి, ఔననో కాదనో చెప్పగలడని నమ్మే అసహనం మేలు కదా. అయితే ఇక్కడితో ఆగితే మేము పక్షపాతులమవుతాము. ప్రతి సంఘస్థుడు తన తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకుంటే తనకు శ్రమ అని పలికే ప్రమాణం డోర్నకల్‌లో ఉండేది. ఆ ప్రమాణం చేసినవాని పొరుగింటివాడు ప్రతి పలకరింపు వెనుక ఒక ఆహ్వానం ఉన్నదేమోనని సంశయించటం సహజం. ఎడింబరోలో తెల్లవారిని షరతులు లేని స్నేహం అడిగిన మనిషి, తన పొరుగున ఉన్న హిందువుకు అట్టి స్నేహమే ఇవ్వగలిగారా? ఈ ప్రశ్నకు ఆయన జీవితంలో నేరుగా జవాబు మాకు దొరకలేదు.

ఆ కాలంలో నిజాం రాజ్యంలో పిలిచేవారు క్రైస్తవులొక్కరే కారు. బహదూర్ యార్ జంగ్ నాయకత్వాన తబ్లీగ్ ప్రచారకులు దళితులను ఇస్లాంలోకి ఆహ్వానించారు. ఆర్యసమాజం వారు శుద్ధి పేరుతో వెనుకకు పిలిచారు. తబ్లీగును పుణ్యంగా, శుద్ధిని దౌర్జన్యంగా చెప్పుకొనే మనవారు, శుద్ధిని ధర్మంగా, తబ్లీగును కుట్రగా చెప్పుకొనేవారు ఇద్దరూ ఒకే తక్కెడ వాడితే మంచిది. తబ్లీగుకు పాలకుల మతం అన్న బలం ఉండేది. డోర్నకల్ బిషప్‌కు హైదరాబాదులో సింహాసనం లేదు గాని, బ్రిటిషు రెసిడెంటు ఉన్నాడని ఊరి పటేలుకు తెలుసు. కేవలం మాట బలంతో పిలిచినవారు ఆ మూడు పక్షాలలో ఎందరో లెక్క తేల్చటం సులభం కాదు.

కొన్నాళ్ళ కిందట మా విద్యార్థులతో మేము డోర్నకల్ కెథీడ్రల్ చూడబోయినాము. అజరయ్యగారు పాతికేళ్ళపాటు తన మనస్సులోను, నేలమీదను కట్టిన ఎపిఫనీ దేవాలయం అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు మన కట్టడాల వలె, లోపలి రాతి స్తంభాలు హిందూ మండపాల వలె, చెక్కిన పద్మాలు, నడుమ శిలువ. నేలమీద కూర్చుని పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడుకునే సంప్రదాయం తెలుగు క్రైస్తవులది, దానికి తగిన ఇల్లు ఇది. మా పిల్లలలో ఒకడు, మన మసీదు మినార్లు వీరికెందుకు సార్ అని అడిగాడు. ఇంకొక అమ్మాయి, గుడి స్తంభాలు తీసుకున్నవారు గుడికి వచ్చేవారిని ఎందుకు వద్దన్నారు సార్ అన్నది. మొదటి ప్రశ్నకు శిల్ప చరిత్ర చెప్పి తప్పించుకున్నాము. రెండవ దానికి, పాత్ర తీసుకోవచ్చు, పాలు మాత్రం తనవే పోయాలని ఆయన నమ్మారని చెప్పాము. అమ్మాయికి తృప్తి కలిగినట్లు తోచలేదు.

తోటి క్రైస్తవుల విషయంలో మాత్రం ఆయన హద్దులు చెరిపే పనిలోనే ఆయుష్షు గడిపారు. 1919 మేలో తరంగంబాడిలో సమావేశమై, విలాయతు వారి తగాదాలు తెచ్చి మన మీద రుద్దిన శాఖాభేదాలు వద్దని ప్రకటించినవారిలో ఆయన ప్రముఖులు. బిషప్ పదవి ఉండితీరాలన్న పట్టు వదలకుండానే, బిషప్పులు లేని సంఘాలవారితో కలిసి కూర్చుని ఏళ్ళ తరబడి చర్చించారు. ఒకే గ్రంథం చదివేవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవటానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. అప్పటికి అజరయ్యగారు గతించి రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు. 1945 జనవరి 1న, జ్వరంతో, డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సమాధి ఆ కెథీడ్రల్ ఆవరణలోనే ఉన్నది. మేము వెళ్ళిన రోజున ఎవరో రెండు బంతిపూలు అక్కడ పెట్టి పోయినారు. ఏ మతంవారో కనుక్కోలేదు.